గడప దాటని ఇనుము

ముప్పై నాలుగేళ్లకు రిటైర్మెంటా అని నవ్వేవాళ్లు నవ్వవచ్చు. నేను చేస్తున్న ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాన్ని ఇకపై ఒమానీలకే ఇవ్వాలని మా క్లినిక్ నిర్ణయించింది. వచ్చే గురువారం నా చివరి డ్యూటీ. ఆ తర్వాత అమలాపురంలో మా బావమరిదితో కలిసి నీటి మోటార్ల కొట్టు పెడతాను. మళ్లీ ఒకరి రక్తం ముట్టుకునే పని నాకు ఉండదు. అంచేత ఇది రిటైర్మెంటే.

నా తర్వాత ఈ పనిలోకి వచ్చే మన పిల్లల కోసం ఏమైనా రాసిపెడదామని కూర్చున్నాను. నాకు జాబితాలు రాసే అలవాటు. మొదట నలభై రెండు అంశాలు వచ్చాయి: ఏ రంగు మూత ట్యూబు దేనికి, నరం దొరకనప్పుడు ఏం చేయాలి, ఫ్రిజ్ ఉష్ణోగ్రత రోజుకు ఎన్నిసార్లు రాయాలి. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. ఒక్కొక్కటే కొట్టేస్తూ పోయాను. చివరికి రెండు మిగిలాయి. ఒక రబ్బరు స్టాంపు, ఒక మాట. రెండూ నావే. రెండూ తప్పే.

స్టాంపు

ఒమాన్ తీరంలో మా క్లినిక్ ఉన్న ఈ సూర్‌లో ఇనుము బయట ఉంటే సముద్రం తినేస్తుంది. మా ల్యాబ్ కిటికీ ఊచలు ఏడాదికోసారి రంగు వేసినా పొక్కులు లేస్తాయి. ఆ ఊచల్లోంచి చూస్తే చెక్కపడవలు, వాటి వెనక పలచని నీలం, ఆ నీలం ఎక్కడ ఆగి ఆకాశం మొదలైందో తెలియని ఒక గీత. సెంట్రిఫ్యూజ్ తిరుగుతున్నంతసేపూ నేను ఆ గీతనే చూసేవాణ్ణి. యంత్రం రొదలో రక్తం రెండుగా విడిపోయేది. అడుగున ఎరుపు, పైన గడ్డిరంగు నీరు. ఆ నీటిలోనే ఇనుము ప్రయాణం చేస్తుంది.

మనిషి ఒంట్లో ఉన్న ఇనుమంతా పోగుచేస్తే ఒక మేకంత. ఆ మేకు కరిగి, ఎర్రకణాల్లో సర్దుకుని, ఊపిరిని ఒళ్లంతా మోస్తుంది. మొదటిసారి చదివినప్పటి నుంచి ఆ సంగతి నన్ను వదల్లేదు. వీధిలో నడిచే ప్రతి మనిషిలోనూ ఒక మేకు కరిగి తిరుగుతోందని అనుకుంటూ నడిచేవాణ్ణి.

అలాంటి కలలు కనేవాడు స్టాంపు ఎందుకు చేయించాడంటే, విసుగుతో. ఎర్రకణాలు చిన్నవిగా, పాలిపోయి కనిపిస్తే రిపోర్టు అడుగున మేం రాసే వాక్యం ఒకటే: ఇనుము లోపం కనిపిస్తోంది. రోజుకు పదిసార్లు రాయలేక, మస్కట్ వెళ్లినప్పుడు అజైబాలో ఆఫీసు సామాన్ల కొట్టులో ఆ వాక్యాన్ని స్టాంపుగా చేయించాను. టప్‌మని కొడితే పని అయిపోయేది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ స్టాంపు దెబ్బ మొదట ఉత్తర తీరంలోని షినాస్ నుంచి వచ్చిన, చేపలు పట్టే ఒక పెద్దాయనకు తగిలింది. సూర్‌లో కూతురి ఇంటికి వచ్చి మా దగ్గర రక్తం చూపించుకున్నాడు. కణాలు చిన్నవి. టప్. ఎనిమిది నెలలు ఇనుము మాత్రలు మింగి, కడుపు గట్టిపడి, మళ్లీ వచ్చాడు. కణాలు అంతే చిన్నవి. అప్పుడు మా ల్యాబ్ పెద్ద రషీద్ సార్ ఆ రిపోర్టు చేతిలోకి తీసుకున్నారు.

రషీద్ సార్‌ది హైదరాబాద్ పాతబస్తీ. ఇరవై ఆరేళ్లుగా ఒమాన్‌లో ఉన్నారు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుతారు.

"ఏంది మియా, కణాలు చిన్నగున్నయ్, సరే. ఎన్ని ఉన్నయో చూసినవా?"

చూడలేదు. కణాలు చిన్నవే కానీ లెక్కకు మామూలు కన్నా ఎక్కువ ఉన్నాయి. ఇనుము నిల్వ నిండుగా ఉంది. ఆయనకున్నది పుట్టుకతో వచ్చిన తలసీమియా లక్షణం. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక మార్పు వచ్చింది, కణాలు చిన్నగా తయారవుతాయి, అంతే. జబ్బు కాదు. ఒమాన్ తీరంలో ఇది మామూలు, మన వైపూ అరుదు కాదు. ఆయనకు ఇనుము మాత్ర దేనికీ పనికిరాదు.

"ఇనుము బయటికి పోనీకి ఒంట్ల దర్వాజా లేదు, తెలుసా?" అన్నారు రషీద్ సార్. "లోపలికి వచ్చే కాడనే ఆపాలె. కొందరికి ఆ లోపలికొచ్చే దర్వాజా పుట్టుక నుంచే మూతపడదు. పోగైతనే ఉంటది, కాలేయం ఖరాబ్ అయితది. అట్లాంటోని మీద నీ స్టాంపు పడితే?"

ఆ రోజే స్టాంపును సొరుగులో పడేశాను. బుద్ధి వచ్చిందనుకున్నాను. స్టాంపు చేతిలోంచి పోయింది కానీ ఆ తొందర చేతిలోనే ఉందని తర్వాత తెలిసింది.

ఐసు తినే మనిషి

ఓబులమ్మది కడప జిల్లా. సూర్‌లో ఒక ఒమానీ ఇంట్లో మంచాన పడ్డ ముసలామెను చూసుకునే పని. ముప్పై ఎనిమిదేళ్లు ఉంటాయి. ఒకరోజు ముసలామెకు స్నానం చేయిస్తూ కళ్లు తిరిగి, ఆమెతో పాటు పడబోయింది. గోడ పట్టుకుని ఆగింది. ఆ ఇంటి కోడలు భయపడి, ఓబులమ్మను కారెక్కించుకుని మా క్లినిక్‌కు తీసుకొచ్చింది. ఓబులమ్మ ఆమెను 'మామా' అనేది. గల్ఫ్‌లో ఇంటి యజమానురాలిని మనవాళ్లు అలాగే పిలుస్తారు.

పన్నెండు ఉండాల్సిన హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ నాలుగు. కణాలు చిన్నవి, ఈసారి లెక్కకూ తక్కువే. రక్తంలో ఇనుము దాదాపు లేదు. తలసీమియా పరీక్ష కూడా చేశాను, లేదు. ఇది ఇనుము లోపమేనని అన్నీ చూసుకునే రాశాను. మా డాక్టరమ్మ సూడాన్ మనిషి, నెమ్మదస్తురాలు. మూడు నెలలకు మాత్రలు రాసింది.

నేను మేడమ్ అని పిలిచే ఆ కోడలు నాతో హిందీ, అరబ్బీ కలిపి మాట్లాడేది. ఆమె ఫిర్యాదు ఒకటే: ఫ్రిజ్‌లో ఐసు మిగలడం లేదు.

"ట్రే పెడతాను, గంటకు ఖాళీ. చలికాలంలో కూడా. ఈమె కరకరా నములుతుంది. పంటి చప్పుడుకు మా అత్త లేచి కూర్చుంటుంది."

ఓబులమ్మ తల దించుకుని నవ్వింది. నాతో తెలుగులో మెల్లగా అంది: "ముసలామె లేచి కూర్చోవడం మంచిదే గదా సార్. డాక్టరు లేపమన్యాడు, లేచ్చాంది."

ఐసు నమలాలనిపించడం ఇనుము లోపానికి గుర్తు. నేను అది కూడా రాసుకున్నాను. తర్వాత నేను చేసిన పని ఏమిటంటే, ఒక పట్టిక. తొంభై గడులు, రోజుకొకటి. పైన ఆమె పేరు, పక్కన సమయం. మాత్ర మింగిన రోజు గడిలో గీత పెట్టాలి. ఓబులమ్మకు చదువు రాదు కాబట్టి గీతలు పెట్టే పని మేడమ్‌కు అప్పగించాను. "మీ కళ్ల ముందే మింగించండి" అని కూడా చెప్పాను. మేడమ్‌కు ఆ పట్టిక ఎంతగానో నచ్చింది. నాకూ నచ్చింది, గడులన్నీ సమానంగా వచ్చాయి.

ఒక మనిషి చేతికి అలాంటి కాగితం ఇస్తే ఏమవుతుందో ఆ రోజు నేను ఊహించలేదు.

ఒక మాట

మూడు నెలల తర్వాత వచ్చారు. పట్టికలో తొంభై గడుల్లోనూ గీతలున్నాయి. హిమోగ్లోబిన్ ఏడు పాయింట్ మూడు.

మళ్లీ చేశాను. ఏడు పాయింట్ మూడే.

మేడమ్ ముఖం ఎర్రబడింది. "నాలుక కింద దాచి, నేను తిరగ్గానే ఉమ్మేస్తోంది. నోరు తెరిపించి చూశాను, రోజూ చూశాను. అయినా ఎలా మోసం చేస్తోందో తెలియడం లేదు. పడిపోయేది ఆమె ఒక్కతే అయితే సరే, చేతిలో మా అత్త ఉంటుంది. నెల చూస్తాను, పెరగకపోతే టికెట్ కొని పంపేస్తాను. ఆమెను పంపిన ఏజెంటుకు కూడా చెబుతాను, అబద్ధాల మనిషిని పంపావని."

రోజూ నోరు తెరిపించి చూశాను అన్న మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

"ఓబులమ్మ గారూ, నిజం చెప్పండి. మింగుతున్నారా లేదా?" అన్నాను.

"మింగుతాండా సార్. ఒక్క పూట తప్పల్యా."

"మరి రక్తం ఎందుకు పెరగలేదండీ?"

"నన్నడిగితే నేనేం చెప్పేది? మిషన్లు నీకాడ ఉండాయి. అండీ అండీ అంటావు గానీ మీ గోదారోల్లు, నమ్మేది మాత్రం నమ్మరు." గొంతు తగ్గించింది. "సార్, పంపితే పంపనీ. కాళ్లు చేతులుండాయి, యాడన్నా బతుకుతా. కానీ దొంగమాట లాడిందని పంపితే మాత్రం నేను ఊర్లో తలెత్తుకోల్యాను. ఈ ఇంట్లో ముందు మా వదిన చేసింది ఆరేండ్లు. ఆమె మాట మింద నన్ను తీసుకున్యారు."

ఆమె వెళ్లాక రిపోర్టు అడుగున నా చేత్తో, స్టాంపు లేకుండా, ఒక మాట రాశాను: రోగి మాత్రలు వేసుకోవడం లేదు.

నా దగ్గర ఉన్న జ్ఞానం ప్రకారం అది సరైన లెక్క. ఇనుము లేదు, ఇనుము ఇచ్చాం, పెరగలేదు, కాబట్టి మింగలేదు. నాలుగు మెట్లు, నాలుగూ గట్టివే అనుకున్నాను.

సంతకం కోసం రషీద్ సార్ బల్ల మీద పెట్టాను. ఆయన కాగితం ముక్కుకు ఆనించుకున్నారు.

"ఆమె కడుపుల నువ్వు కూసున్నవా?"

"అది కాదు సార్, మూడు నెలలు..."

"ఈ రూమ్‌ల నాలుగు మిషన్లు ఉన్నయ్. ఏ మిషన్ చెప్పింది నీకు, ఆమె మింగలేదని? కణాలు చిన్నగున్నయ్ అని మిషన్ చెప్పింది, రాయి. ఇనుము లేదని చెప్పింది, రాయి. ఝూట్ బోల్తీ హై, అబద్ధమాడుతుంది అని చెప్పిందా? అది నువ్వు చెప్పినవ్, మిషన్ మీద పెట్టినవ్." కాగితం సంతకం చేయకుండానే నా వైపు తోశారు. "రేపు పొద్దుగాల పరగడుపున రమ్మను. నీ ముందట మింగించు. రెండు గంటలు కూసోపెట్టు. అప్పుడు రాద్దువు, ఏం రాస్తవో."

రెండు గంటలు

ఆ పరీక్ష ఇప్పటికీ పెద్ద ఆసుపత్రుల్లో కూడా తరచుగా చేయరు. ఖర్చు ఉండదు, ఓపిక కావాలి. పరగడుపున రక్తం తీసి అందులో ఇనుము చూడాలి. మాత్ర మింగించాలి. గంటకు, రెండు గంటలకు మళ్లీ తీయాలి. ఇనుము కోసం అలమటిస్తున్న ఒళ్లయితే రక్తంలో ఇనుము నిటారుగా లేస్తుంది.

మేడమ్ ఓబులమ్మను దించి, "మాత్రలే మంచివి కావేమో" అని ఒక కొత్త అనుమానం కూడా వదిలి వెళ్లింది. నాకది కొట్టిపారేయాలనిపించలేదు. అందుకని అదే మాత్రల పట్టీలోంచి నేనూ ఒకటి మింగాను. నా రక్తం కూడా మూడుసార్లు తీసుకున్నాను.

"నువ్వెందుకు మింగితివి సార్?"

"మాత్ర పనిచేస్తుందో లేదో చూడ్డానికండీ."

"అయితే ఇద్దరం ఒకటే సదువు చదువుతాండాం ఈ రోజు" అంది.

కిటికీ పక్కన కుర్చీ వేశాను. ఎండ ఇంకా ముదరలేదు. చెక్కపడవల నీడలు నీళ్ల మీద సాగి, తెగి, మళ్లీ కలుసుకుంటున్నాయి. సెంట్రిఫ్యూజ్ తిరుగుతోంది. ఆమె ఆ గీతనే చూస్తోంది, సముద్రం ఆగే చోటు. పదకొండేళ్లలో ఒక రోగితో రెండు గంటలు కూర్చున్నది ఆ ఒక్కసారే. మేం రక్తాన్ని చూస్తాం, మనిషి ఐదు నిమిషాల్లో వెళ్లిపోతుంది.

"ఈ ఐసు పిచ్చి ఎప్పటి నుంచండీ?"

"ఐసు ఈడికొచ్చినాక. మా ఊర్లో ఐసెక్కడిది? చిన్నప్పుడు బలపాలు తింటాంటి. పలకకు తెచ్చినవన్నీ నా కడుపులోకే. బలపాలయిపోతే గోడ సున్నం. పచ్చిబియ్యం. మా యమ్మ వీపు పగలగొడ్తాండె." నవ్వింది. "మా తమ్ముడూ అంతే. ఇద్దరం కూచ్చొని గోడ నాకుతాంటిమి. ఇంటికొచ్చినోల్లు చూసి, మీ బిడ్డలేమన్నా మేకలా అనేటోల్లు."

"తమ్ముడు కూడా తెల్లగా పాలిపోయి ఉండేవాడా?"

"ఇప్పటికీ ఉండాడు. బరువెత్తలేడు. సోమరి అంటారు వాన్ని. నన్నూ అనిన్యారులే. పెండ్లయినాక అందరూ టానిక్కులు తాపిన్యారు. తాగినాను. తాగల్యాదన్యారు."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఇది మూడు నెలల కథ కాదు.

"మీ అమ్మ, నాన్న... బంధువులేనా?"

"మా నాయన మా యమ్మకు సొంత మేనమామ. ఎందుకు సార్?"

ఎందుకో నాకు అప్పుడు సగమే తెలుసు. ఒకే రక్తంలో దాగి ఉన్న ఒక చిన్న తేడా, తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండుగా వచ్చి ఒకే బిడ్డలో కలుసుకోవచ్చు. ఒక్కటే ఉంటే ఎవరికీ తెలియకుండా తరాలు దాటిపోతుంది. రెండూ కలిస్తే బలపాలు తినే బిడ్డ పుడుతుంది. ఆ నీలం గీత చూస్తూ నేను ఆ తేడా నడిచి వచ్చిన దారి ఊహించుకున్నాను. కడప రాళ్లదారుల్లో ఎవరో ముత్తవ్వ, ఎవరో ముత్తాత, గోడ సున్నం నాకిన ఎవరెవరో. ఎవరూ అబద్ధం ఆడలేదు. అందరినీ సోమరులన్నారు.

రెండు గంటలు నిండాయి. ఆఖరి ట్యూబులు యంత్రంలో పెట్టాను. అంకెలు తెర మీద పడ్డాయి.

నాది: పదమూడు, పంతొమ్మిది, ఇరవై నాలుగు. మాత్ర మంచిదే.

ఆమెది: రెండు పాయింట్ ఒకటి. రెండు పాయింట్ ఒకటి. రెండు పాయింట్ మూడు.

నా కళ్ల ముందే మింగింది. నీళ్లు కూడా నేనే ఇచ్చాను. రెండు గంటలు నా పక్కనుంచి కదల్లేదు. ఇనుము కడుపు దాకా వచ్చింది, గడప దాటలేదు.

రషీద్ సార్ తెర ముందు నిలబడి కళ్లద్దాలు దించుకున్నారు. ఆయన సంతకం చేయని ఆ రిపోర్టు తీసి, మాత్రలు వేసుకోవడం లేదన్న నా మాట కొట్టేసి మార్చి రాశాను.

గడప

ఆ తర్వాతిది డాక్టరమ్మ నడిపించింది. రక్తం మస్కట్ వెళ్లింది, అక్కడి నుంచి జన్యు పరీక్షకు ఇంకో దేశం వెళ్లింది. జవాబు రావడానికి వారాలు పట్టింది. మేడమ్‌ను కూర్చోబెట్టి ఆగమని చెప్పింది కూడా డాక్టరమ్మే. ఆమె అరబ్బీ నా హిందీ కన్నా బాగా పనిచేసింది.

జవాబు ఇదీ. మన కాలేయం హెప్సిడిన్ అనే ఒక కబురు పంపుతుంది: ఇనుము చాలు, గడప మూయండి అని. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు ఆ కబురును ఆపే కత్తెర ఒకటి ఉంటుంది. కబురు ఆగితే గడప తెరుచుకుంటుంది. ఆ కత్తెరను తయారుచేసే జన్యువుకు టి.ఎం.పి.ఆర్.ఎస్.ఎస్. ఆరు అని నోరు తిరగని పేరు. ఓబులమ్మకు ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ మార్పు ఉంది. ఒళ్లు ఆకలితో ఉన్నా 'చాలు' అనే కబురు ఆగదు. మాత్రలు ఎన్ని మింగినా గడప బయటే మిగిలిపోతాయి. అరుదైన సంగతే. అరుదైనది మన బల్ల మీదికి రాదని అనుకోవడమే ఈ వృత్తిలో పెద్ద ప్రమాదం.

దారి ఒకటి ఉంది, గడపతో పని లేకుండా నేరుగా నరంలోకి ఇనుము ఎక్కించడం. నాలుగైదుసార్లు ఎక్కించారు. పూర్తిగా సరికాదు, కణాలు ఇప్పటికీ చిన్నవే. కానీ ఆమె హిమోగ్లోబిన్ తొమ్మిది పాయింట్ ఎనిమిదికి వచ్చింది. ఫ్రిజ్‌లో ఐసు మిగలడం మొదలైంది. ఆ వార్త మేడమ్ స్వయంగా ఫోన్ చేసి చెప్పింది. ఓబులమ్మ ఆ ఇంట్లోనే ఉంది. ఊళ్లో తమ్ముడి రక్తం కూడా చూపించమని కాగితం రాసి పంపాం.

ఇంకొకటి రాయాలి, సిగ్గుగా ఉన్నా. నేను ఆ మాత్ర మింగిన మర్నాడు మరుగుదొడ్డిలో ఒక సంగతి గమనించాను. ఒంటికి పట్టని ఇనుము నల్లగా బయటికి పోతుంది. మొదటి సెమిస్టర్ పాఠం అది. నరంలోకి ఇనుము ఎక్కించుకోవడానికి ఓబులమ్మ వచ్చినప్పుడు అడిగాను.

"మాత్రలు వేసుకున్న రోజుల్లో నల్లగా పోయేదా అమ్మా?"

ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది. "తారు మాదిరి సార్. మొదటిరోజు నుంచీ. అది ఎవురితో చెప్పేది? నువ్వడగల్యా."

అడగలేదు. తొంభై గడులు గీశాను, ఒక్క ప్రశ్న అడగలేదు. ఆమె మింగిందనడానికి సాక్ష్యం తొంభై రోజులూ ఉంది. పిల్లలకు నేను చెప్పదలచింది ఈ ఒక్కటే: అంకె అబద్ధమాడుతోందో మనిషి అబద్ధమాడుతోందో తెలియనప్పుడు, మూడోది కూడా ఒకటి ఉంటుంది. మన చదువు ఇంకా అక్కడి దాకా రాలేదేమో చూసుకోవాలి.

కాగితం

నిన్న ఓబులమ్మ ఆరు నెలల పరీక్షకు వచ్చింది. మేడమ్ కారులోనే కూర్చుని, లోపలికి ఒక డబ్బా ఖర్జూరం పంపింది.

"నువ్వు పోతాండావంట గదా సార్."

"అవునండీ. గురువారం ఆఖరు."

"నీళ్ల మోటార్లంట. మంచిది. మోటారుకు నోరుండదు, తిట్టల్యాదు."

నవ్వుకుంటూ రక్తం తీశాను. దూది పెట్టి, చేయి మడవమన్నాను. ఆమె రెండో చేత్తో సంచిలోంచి పాస్‌పోర్టు కవరు తీసింది. కవరు వెనక అరలోంచి నాలుగు మడతల కాగితం ఒకటి బల్ల మీద పెట్టింది.

నా పట్టిక. మడతల దగ్గర చిరుగుతోంది. తొంభై గడులు, మేడమ్ చేతి గీతలు, కొన్ని నీలం, కొన్ని నలుపు. ఒకచోట టీ మరక.

"ఇది మీ దగ్గరెలా ఉందండీ?"

"ఆ పొద్దు నువ్వు చెత్తబుట్టలో ఏస్తే నేను తీసుకున్యా."

నాకు గుర్తులేదు. పారేసే ఉంటాను.

"ఆ రిపోర్టు మార్చి రాసినావని డాక్టరమ్మ చెప్పింది. నాకు చదవరాదు గదా, నాకేం తెలుసు. ఈ కాగితమైతే తెలుసు. ఒక్కో గీతకు నోరు తెరిచి సూపించినా." కాగితాన్ని నా వైపు తిప్పింది. "కింద నువ్వొక సంతకం పెట్టు సార్, పోయేలోపల."

కిటికీ ఊచల నీడ కాగితం మీద పడి, నా గడుల మీద ఇంకో వరస గడులు గీసింది. పెన్ను తీశాను. మొదటి గడి నుంచి మొదలుపెట్టి, ఒక్కో గీత మీదుగా పెన్ను నడుపుతూ లెక్కపెట్టాను. ఆమె కదలకుండా చూస్తూ నిలబడింది. బయట కారు హారన్ రెండుసార్లు మోగింది. ఆమె పట్టించుకోలేదు.

తొంభై.

అడుగున తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాను: తొంభై మాత్రలూ మింగింది. సరిచూశాను. దాని కింద సంతకం, తారీఖు.

"ఏం రాసినావు? సదువు."

చదివాను.

"ఇంకోసారి" అంది.